ఎగుమతికి పోవు పాల పదార్థాలు: నాణ్యతా ధ్రువపత్రాలు, ప్రాథమిక సంఘాల పని

గుడిబండ మండలంలో ఒక సంఘం లెక్కలు చూచుటకు పోయినప్పుడు, ఉదయం పాలు పోయడానికి వచ్చిన ఒక వృద్ధ సభ్యురాలు నన్ను నిలబెట్టి అడిగింది: "సారూ, మన పాల నెయ్యి దుబాయికి పోతాదంట గదా. అట్లయితే మాకు లీటరుకు ఎంత ఎక్కువిస్తారు?" చుట్టూ ఉన్నవారు నవ్వినారు గాని ప్రశ్న నవ్వదగినది కాదు. "ఇప్పటికిప్పుడు ఏమీ పెరగదవ్వా. కాని మీ కొట్టంలో తప్పు జరిగితే మాత్రం ఎగుమతి ఆగిపోతుంది" అని చెప్పినాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. తప్పంతా మాదే, లాభం మాత్రం మాది కాదా అన్నట్టు చూచి క్యాను తీసుకొని పోయింది. ఆ పూట పూర్తిగా చెప్పడానికి వీలు పడలేదు. ఇతర సంఘాలలోను ఇదే ప్రశ్న వినవస్తున్నది గనుక అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు తెలిసేటట్లు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ఒక సంగతి. గ్రామ సంఘం ఎగుమతి చేయదు. పాలు సేకరించి, పరీక్షించి, శీతల కేంద్రానికి పంపడంతో దాని పని తీరుతుంది. నెయ్యి కాచి, పొడి చేసి, డబ్బాలలో నింపి ఓడకెక్కించేది యూనియనో, ఫెడరేషనో, వారి వద్ద కొన్న వ్యాపారియో. అయినను ఆ డబ్బా మీద అంటించే ధ్రువపత్రంలో ఉన్న మాటలలో సగం మన కొట్టాలను గురించినవే.

మన దేశం పాల విషయంలో చాలాకాలం తీసుకునే చేయిగా ఉండినది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు యూరపు దేశాల కూటమి 1,26,000 టన్నుల పాలపొడిని, 42,000 టన్నుల బటర్ ఆయిల్‌ను దానంగా ఇచ్చే ఏర్పాటు జరిగింది. దానిని అమ్మగా వచ్చిన డబ్బుతోనే పట్టణాల డెయిరీలు, గ్రామ సంఘాలు నిలబెట్టబడినవి. 1998 నాటికి పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం మనది అయినది. తీసుకునే రోజులలో మనము కూడ ధ్రువపత్రం అడిగినవారమే. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తరువాత ఐర్లండు నుండి వచ్చిన వెన్నలో రేడియో ధార్మికత ఉన్నదేమోనని బొంబాయిలో కొందరు కోర్టుకు పోయినారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా నడిచింది, కోర్టు నిపుణుల కమిటీ వేసింది, ఆ వెన్న తినదగినదేనని కమిటీ తేల్చిన తరువాతనే వివాదం ముగిసింది. ఈ రోజు పరాయి దేశపువాడు మన డబ్బా పట్టుకొని ప్రశ్నలు వేస్తే కోపం తెచ్చుకునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలె.

కాగితాల సంగతి

కాగితాలు చాలా ఉన్నవి, వాటిని చూచుకునేవారు యూనియన్ కార్యాలయంలో ఉంటారు గనుక క్లుప్తంగా చెప్పుతాను. ఎగుమతిదారుకు కేంద్ర వాణిజ్య శాఖ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్ ఉండవలె. 1985 చట్టం క్రింద ఏర్పడిన అపెడాలో నమోదు ఉండవలె. ఫ్యాక్టరీకి 2006 ఆహార భద్రతా చట్టం క్రింద లైసెన్సు ఉండవలె. వీటన్నిటికన్న ముఖ్యమైనది ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ కౌన్సిల్ అనుమతి. ఈ సంస్థ 1963 నాటి ఎగుమతి నాణ్యతా తనిఖీ చట్టం క్రింద ఏర్పడినది. దీని క్రింద ఐదు ఏజెన్సీలున్నవి, మన ప్రాంతానికి చెన్నై ఏజెన్సీ వర్తిస్తుంది. పాల పదార్థాలకు 2000వ సంవత్సరంలో ప్రత్యేకంగా నియమాలు వచ్చినవి. ఆ నియమాల ప్రకారం ఫ్యాక్టరీలో తనిఖీ చేసి, అనుమతి సంఖ్య ఇచ్చి, సరుకు పంపునప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది వారే. ఏటేటా పాలలో మందుల అవశేషాలు, బూజు విషాలు ఎంత ఉన్నవో నమూనాలు తీసి చూచే పథకం కూడ వారి చేతిలోనే ఉన్నది. ఇక నెయ్యికి అగ్‌మార్క్ ముద్ర ఉన్నది. అది 1937 చట్టం నాటిది, మన పెద్దలకు సుపరిచితమే.

ఇవి మన దేశపు కాగితాలు. కొనే దేశపు షరతులు వేరు. గల్ఫు దేశాలలో డబ్బా మీద అరబ్బీలో పేరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండి తీరవలె. అమెరికాకు పంపాలంటే ఫ్యాక్టరీ అక్కడి ఆహార, ఔషధ శాఖలో నమోదై ఉండవలె. ఆ నమోదును సరి సంఖ్య గల ప్రతి సంవత్సరం చివరి మూడు నెలలలో మళ్ళీ చేయించుకోవలె. సరుకు రేవు చేరకముందే తెలియజేయవలె. యూరపు పద్ధతి అన్నిటికన్న కష్టమైనది. అక్కడ మొదట దేశం పేరు జాబితాలోకి ఎక్కవలె. ఆ దేశంలో అవశేషాల పరీక్ష పథకాన్ని వారు ఒప్పుకోవలె. ఆపైన ఆ ఫ్యాక్టరీ పేరు విడిగా జాబితాలో ఉండవలె. చివరకు ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం. ఈ నాలుగింటిలో ఒకటి లేకున్నా మిగిలిన మూడు ఉన్నా లేనట్టే.

గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల నుండి వచ్చే పాల పదార్థాలకు మరొక షరతు ఉన్నది. ఆ పాలను 135 డిగ్రీలకు తక్కువ కాని వేడికి ఎక్కించవలె, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు ఉంచడం ఒకసారి గాక రెండుసార్లు చేయవలె, లేదా వారు ఒప్పుకున్న మరొక పద్ధతిలో కాచవలె. అది ఫ్యాక్టరీకి అదనపు ఖర్చు. మన ఊళ్ళలో టీకా వేయడానికి వచ్చిన సిబ్బందిని చూచి "చూడి ఆవు, పాలు తగ్గుతాయి, వద్దులే" అని వెనక్కు పంపే ఇంటి పుణ్యం కూడ ఆ ఖర్చులో ఉన్నది. 2019లో కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. టీకా ఉచితం. చెవికి 12 అంకెల బిళ్ళ వేస్తారు. ఆ బిళ్ళ ఎందుకని అడుగువారున్నారు. ఏ పశువుకు ఏ టీకా పడిందో చూపలేని దేశం వ్యాధి తగ్గినదని చెప్పితే ఎవరూ నమ్మరు.

2024లో అమూల్ పేరుతో తాజా పాలు అమెరికాలో అమ్మకానికి వచ్చినవని పత్రికలలో చదివి, ఆనంద్ నుండి పాలు విమానంలో పోతున్నవని అనుకున్నవారున్నారు. ఆ పాలు మిచిగాన్ రాష్ట్రపు పాడి రైతుల సహకార సంఘానివి. పేరు మనది, ఆవులు వారివి. ఇక్కడి నుండి పోగలిగినవి నెయ్యి, పాలపొడి, వెన్న, అటువంటి నిలువ సరుకులే.

బూజు పట్టిన చెక్క

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆహార భద్రతా సంస్థ 2018 మే నుండి అక్టోబరు వరకు దేశంలో 1,103 పట్టణాలలో 6,432 పాల నమూనాలు తీయించి, ఫలితాలను 2019లో వెల్లడించింది. కల్తీ వల్ల ప్రమాదకరమని తేలినవి 12 మాత్రమే. మందుల అవశేషాలు హద్దు దాటినవి 77. అఫ్లటాక్సిన్ ఎం1 అనే విషం హద్దు దాటినవి 368. మనము సంఘాలలో లాక్టోమీటరు ముంచి నీళ్ళ కోసం వెదకుతున్నాము. నీళ్ళు కలిపితే దోషమే, కాదనను. కాని ప్రాణానికి ముప్పు తెచ్చేది లాక్టోమీటరుకు దొరకదు.

ఈ విషం కథ మన జిల్లా పంటతో ముడిపడి ఉన్నది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయినవి. కారణం వెదకగా బ్రెజిల్ నుండి తెచ్చిన వేరుశనగ చెక్కలో బూజు దొరికింది. ఆ బూజు విసర్జించే విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టినారు. తరువాత యూరపు దేశాలు పశువుల మేతకు హద్దులు పెట్టినవి. వేరుశనగ చెక్కను అక్కడికి పంపే మన దేశానికి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

కాయ ఊరే సమయంలో వాన లేక భూమి ఎండిపోతే ఈ బూజు చేనులోనే కాయలోకి చొరబడుతుంది. పీకి కుప్ప వేసిన తరువాత వాన పడితే మళ్ళీ అక్కడ పెరుగుతుంది. అనంతపురం సీమలో ఈ రెండూ జరగని ఏడు ఏది? మంచి గింజ తినడానికి, విత్తనానికి పోతుంది. పుచ్చు గింజ, ముడుచుకున్న గింజ, రంగు మారిన గింజ మిల్లుకు పోతుంది. నూనె తీసినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. అది చెళ్ళకెర నుండి వచ్చినా, హిందూపురం నుండి వచ్చినా మన ఆవు తొట్టిలోకే చేరుతుంది. ఆవు దానిని తిన్న పన్నెండు గంటల నుండి ఒక రోజులోపల పాలలో ఎం1 రూపంలో కనిపిస్తుంది. కాచినా పోదు, పాశ్చరైజు చేసినా పోదు.

లెక్క వేసి చూపుతాను. కిలో చెక్కలో 100 మైక్రోగ్రాముల విషం ఉన్నదనుకొందాం. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షల వంతు. ఆవు రోజుకు రెండు కిలోలు తింటే 200 మైక్రోగ్రాములు. అందులో నూటికి ఒకటి రెండు వంతులు పాలలోకి వస్తుంది, అనగా 2 నుండి 4 మైక్రోగ్రాములు. ఆవు 8 కిలోల పాలిస్తే కిలోకు 0.25 నుండి 0.5 వరకు పడుతుంది. మన దేశపు హద్దు కిలోకు 0.5. కావున ఇక్కడ అది బొటాబొటిగా గట్టెక్కుతుంది. యూరపు హద్దు 0.05 మాత్రమే. అక్కడ అవే పాలు హద్దుకు ఐదింతలు, పదింతలు అవుతవి. మన పశుదాణా ప్రమాణంలో అనుమతించిన 20 మైక్రోగ్రాముల చెక్కనే పెట్టినా, ఇదే లెక్కన 0.05 నుండి 0.1 వస్తుంది. పదివేల కిలోల ట్యాంకరు యూరపు పరీక్షకు నిలవాలంటే, ట్యాంకరు మొత్తంలో ఈ విషం అర మిల్లీగ్రాము దాటరాదు.

ఇంత కఠినం అవసరమా అని అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నే. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు 1963లో పెట్టిన కోడెక్స్ కమిషన్ 2001లో 0.5నే అంతర్జాతీయ హద్దుగా నిర్ణయించింది. ఆ సందర్భంలో ప్రపంచ నిపుణుల సంఘం లెక్క కట్టి, రెండు హద్దుల మధ్య కాన్సరు ముప్పులో తేడా చాలా స్వల్పమని తేల్చింది. అయినా యూరపు తన హద్దును సడలించలేదు. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒప్పందం, శాస్త్రీయ కారణం చూపి ఎక్కువ కఠినంగా ఉండడానికి దేశాలకు వీలిచ్చింది. నా మట్టుకు ఇందులో ఆరోగ్యం కొంత, తమ పాడి రైతును కాపాడుకోవడం కొంత ఉన్నదని తోస్తుంది. కాని ఆ వాదన ఢిల్లీవారు చేయవలసినది. చెక్క ఆరబెట్టడం మనము చేయవలసినది. పైగా ఆ పాలు పరదేశం పోక ముందు మన పిల్లలే తాగుతున్నారు.

ఈ విషం పాలలోని మాంసకృత్తును అంటుకొని ఉంటుంది. కావున నెయ్యిలోకి దిగేది తక్కువ. పనీరులోకి, కోవాలోకి, పాలపొడిలోకి పోయేది ఎక్కువ. పది పదకొండు లీటర్ల వెన్న తీసిన పాలు ఒక కిలో పొడి అవుతవి గదా, విషం కూడ ఆ లెక్కనే చిక్కబడుతుంది. ఆ అవ్వతో నెయ్యి సంగతి వేరు, పొడి సంగతి వేరు అని చెప్పవలసి ఉండినది.

చేయవలసిన పని పెద్దది కాదు. కాయలో తేమ నూటికి ఎనిమిది లోపలికి దిగేదాకా ఎండబెట్టవలె. చెక్కను నెలల తరబడి నిలువ చేయక కొద్దికొద్దిగా కొనవలె. నేల మీద గాక చెక్కపలకల మీద, గోడకు తగలకుండ పెట్టవలె. ముక్కిపోయిన వాసన, పచ్చని పసుపు బూజు, గడ్డ కట్టడం కనబడితే పాడి పశువుకు పెట్టరాదు. అయితే కంటికి శుభ్రంగా ఉన్న చెక్కలో కూడ విషం ఉండవచ్చును. కావున సంఘం సభ్యులందరికీ ఒక్కచోటనే చెక్క కొని, లారీకి ఒక నమూనా యూనియన్ ప్రయోగశాలకు పంపడం మేలు. వానకు తడిసిన వేరుశనగ కట్టెలో మిగిలిపోయిన కాయలతోను ఇదే ముప్పు ఉన్నది, దానిని ఎవరూ గమనించరు. చెడ్డ మేత ఆపిన మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతవి. ఇంత త్వరగా దిద్దుకోగల తప్పు పాడిలో మరొకటి లేదు.

మందు ట్యూబు

పన్నెండేండ్ల క్రిందట, ఈ ప్రాంతం కాదు, వేరొకచోట నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో జరిగినది చెప్పుతాను. ఒక సభ్యుని ఆవుకు పొదుగువాపు వచ్చింది. సాయంత్రం పొదుగులోకి మందు ట్యూబు ఎక్కించినారు. తెల్లవారి పాలు కళ్ళకు బాగానే కనబడినవి, ఫ్యాట్ బాగానే వచ్చింది, టెస్టరు తీసుకున్నాడు. బల్క్ కూలరులో ఐదు ఊళ్ళ పాలు కలిసినవి. డెయిరీ గేటు వద్ద పరీక్షలో మందు ఉన్నట్లు తేలి ట్యాంకరంతా తిప్పి పంపినారు. ఆ నష్టం సంఘాల మీద పడింది, ఆ ఏడు బోనస్ పోయింది. ఆ సభ్యుని ఇంటి ముందుకు జనం పోయినారు. అతడు చెప్పినది ఒకటే: "ఏడు రోజులు పాలు పారబోస్తే నా బిడ్డలకు ఏం పెట్టాల? మీరెవరైనా ఇస్తారా?"

ఆ మాటకు ఎవరి వద్దను జవాబు లేదు. నా వద్దను లేదు. అంతకు మూడు నెలల ముందు అదే సంఘాన్ని తనిఖీ చేసి రికార్డులు సక్రమముగా ఉన్నవి అని వ్రాసినవాడిని నేను. చికిత్సలో ఉన్న పశువుల రిజిస్టరు ఉన్నదా అని నేను అడుగలేదు. అప్పుడు మా తనిఖీ ఫారంలో అటువంటి గడియే లేదు, అయినా అడగవలసింది.

మందు లేబుల్ మీద పాలు వాడరాని గడువు వ్రాసి ఉంటే అది పాటించవలె. వ్రాసి లేకపోతే పాలకు కనీసం 7 రోజులు అని మన ఔషధ నియమాలలో 2012లో చేర్చినారు. పెన్సిలిన్ విషయంలో కోడెక్స్, యూరపు హద్దు రెండూ కిలోకు 4 మైక్రోగ్రాములే. అంటే ఒక ఆవు పాలతో వేల లీటర్లు చెడిపోగలవు. ఇంట్లో తెలుసుకోదగిన గుర్తు ఒకటున్నది. మంచి చేమిరి వేసినా తోడుకోని పాలను అనుమానించవలె. అయితే తోడుకున్నంత మాత్రాన మందు లేదని అనుకోరాదు, కొద్ది మోతాదు అందులో దాగగలదు.

చల్లదనం గురించి రెండు మాటలు చాలు. యూరపులో ఆవు పచ్చిపాలలో మిల్లీలీటరుకు సూక్ష్మజీవులు 1,00,000 లోపల ఉండవలె, బర్రె పాలకు 15,00,000 దాకా ఒప్పుతారు. పొదుగువాపును పట్టించే కణాలు ఆవుపాలలో 4,00,000 మించరాదు. మన కూలరు వద్ద చేసే నీలిరంగు పరీక్షలో రంగు ఐదు గంటలకు మించి నిలిస్తే పాలు చాలా మంచివి, అరగంటలో విరిగిపోతే నాసి. పితికిన తరువాత నాలుగు డిగ్రీలకు చేరేదాకా గడిచే కాలమే ఇందులో ముఖ్యం. ఉదయం ఆరుకు పితికి ఎనిమిదిన్నరకు సంఘానికి తెచ్చేవారు, ఆ రెండున్నర గంటలలో ఏమి జరుగుతున్నదో ఒకసారి రంగు పరీక్ష చేయించుకొని చూడవచ్చును. పులిసిన పాలను సోడాతో సరిచేసే పని ఎక్కడైనా జరుగుతుంటే వెంటనే మానిపించవలె. పాలను పరీక్షలో మోసం చేయడానికి కలిపినది ఎక్కడికి దారి తీస్తుందో 2008లో చైనాలో చూచినాము. మాంసకృత్తు ఎక్కువ చూపడానికి మెలమైన్ కలిపినారు. ఆరుగురు పసిబిడ్డలు చనిపోయినారు, సుమారు మూడు లక్షల మంది జబ్బు పడినారు. మన దేశంతో సహా ఎన్నో దేశాలు చైనా పాల సరుకును ఆపివేసినవి.

ఇక ఆ సభ్యుడు అడిగిన ప్రశ్నకు నా ఆలోచన. చికిత్సలో ఉన్న పశువు పాలను ఆపుకున్నవానికి నష్టం అంతా అతని మీదనే పడితే అతడు దాస్తాడు. దాచినవానిని తిట్టి లాభం లేదు. కావున సంఘం తన బైలాలు ఒప్పుకున్నమేరకు, మహాజన సభలో తీర్మానం చేసి, నికర లాభంలో నుండి చిన్న మొత్తం విడిగా ఉంచవలె. మందు వాడినట్లు ముందుగా తెలిపి, చిట్టీ చూపినవానికి ఆ ఏడు రోజుల పాల ధరలో సగమైనా చెల్లించవలె. ఆ చిట్టీలను ఒక రిజిస్టరులో వరుసగా అంటించి, పశువు చెవి బిళ్ళ సంఖ్య, మందు పేరు, వేసిన తేదీ, మళ్ళీ పాలు తీసుకున్న తేదీ, టెస్టరు సంతకం ఉంచవలె. ఒక తిరిగివచ్చిన ట్యాంకరు ఖర్చుతో ఇటువంటి చెల్లింపులు ఎన్ని ఏండ్లు చేయవచ్చునో కార్యదర్శులే లెక్క వేసి చూడండి. 1964 చట్టం క్రింద ఉన్న సంఘాలకు, 1995 చట్టం క్రిందికి మారిన సంఘాలకు తీర్మానం నమూనాలో కొంత తేడా వస్తుంది. కావలసినవారు రాబోవు మహాజన సభకు నెల ముందుగా నాకు తెలియపరిస్తే రెండు విధముల నమూనాలు తయారు చేసి ఇస్తాను. తనిఖీకి వచ్చినప్పుడు ఈ రిజిస్టరు మొదట అడుగుతాను, క్యాష్ బుక్కు ఆ తరువాత.